నువ్వుల ముద్ద: కూరలో కనబడని గింజ

చదివే ముందు: మీ వంటింట్లో నువ్వుల డబ్బా ఎక్కడుందో వెతకండి. గింజలు తెల్లగా ఉన్నాయా, నల్లగా ఉన్నాయా, గోధుమరంగులో ఉన్నాయా చూడండి. నాలుగు గింజలు నోట్లో వేసుకుని బాగా నమలండి. (మీకు నువ్వులు పడకపోతే ఈ పని చెయ్యకండి. "పడకపోవడం" అంటే ఏమిటో ఈ పాఠంలోనే వస్తుంది.)

సంక్రాంతికి చేసే సకినాల్లో నువ్వులు కనబడతాయి. అరిసెల మీద కనబడతాయి. బర్గర్ బన్ను మీద కూడా కనబడతాయి. మరి గుత్తి వంకాయ కూరలో? ఫ్రిస్కోలో ఏ హైదరాబాదీ హోటల్ నుంచి బిర్యానీ తెచ్చుకున్నా, దానితో ఒక చిన్న డబ్బాలో సాలన్ ఇస్తారు కదా. ఆ చిక్కటి గోధుమరంగు పులుసులో నువ్వులు ఎక్కడున్నాయి? ఎంత వెతికినా ఒక్క గింజ కూడా కనబడదు. అవి ముద్దగా మారిపోయాయి. ఆ చిక్కదనమే నువ్వులు.

ఈ పాఠం ఆ ముద్ద గురించి. కూరకి రుచి ఇచ్చేది అదే. కొందరికి ప్రమాదం తెచ్చేది కూడా అదే.

మాటలో ఏముంది?

ముందు ఒక తమాషా. తెలుగులో "నువ్వు" అంటే ఎదురుగా ఉన్న మనిషి. "నువ్వు" అంటే ఒక గింజ కూడా. "నువ్వు నువ్వులు తింటావా?" అని తమ్ముణ్ణి అడిగి చూడండి. వాక్యంలో ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మనిషిని పిలిచే "నువ్వు"కి బహువచనం "మీరు". గింజకి బహువచనం "నువ్వులు". మనిషికైతే "నీ పుస్తకం" అంటాం, గింజకైతే "నువ్వుల పొడి" అంటాం. "నవ్వు" అని రాస్తే మూడో మాట అయిపోతుంది, కాబట్టి న కి కొమ్ము మర్చిపోకండి.

ఇంకో విశేషం. "నూనె" అనే మాట నువ్వు, నెయ్యి అనే రెండు మాటలు కలిసి పుట్టిందని భాషా పండితులు చెబుతారు. అంటే మొదట్లో నూనె అంటే నువ్వుల నూనే! తమిళంలో నువ్వుని "ఎళ్" అంటారు, నూనెని "ఎణ్ణెయ్" అంటారు. సంస్కృతంలో నువ్వు "తిల", నూనె "తైలం". మూడు భాషల్లోనూ నూనె పేరు నువ్వుల నుంచే వచ్చింది. ఆ లెక్కన మనం "కొబ్బరి నూనె" అన్నప్పుడల్లా "కొబ్బరి నువ్వుల నెయ్యి" అంటున్నట్టు!

భాషే అలా ఉందంటే, ఈ గింజ మనకి ఎంత పాతదో ఊహించండి. హరప్పా తవ్వకాల్లో కాలిపోయిన నువ్వులు దొరికాయి. వాటి వయసు 4000 ఏళ్ళ పైమాటే.

మన టెక్సాస్ నువ్వులు

నువ్వులు ఇండియా నుంచే వస్తాయని చాలామంది అనుకుంటారు. కానీ అమెరికాలో నువ్వులు ఎక్కువగా పండేది టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్ రాష్ట్రాల్లో. ఈ పంటకి వేడి కావాలి, నీళ్ళు మరీ ఎక్కువ అక్కరలేదు. టెక్సాస్ ఎండ గురించి మీకు చెప్పాలా!

మామూలు నువ్వుకాయ ఎండగానే కొసన పగులుతుంది. గింజలు నేల రాలిపోతాయి. అందుకే మన ఊళ్ళలో రైతులు కాయలు పూర్తిగా ఎండకముందే మొక్కలు కోసి, కట్టలు కట్టి, నిలబెట్టి ఎండబెడతారు. తర్వాత గుడ్డ మీద తలకిందులుగా పట్టుకుని కొడతారు. గింజలు జలజలా రాలతాయి. ఇదంతా చేతిపని. ఆలీబాబా కథలో గుహ తలుపు తెరవడానికి "ఖుల్ జా సిమ్ సిమ్" అంటారు కదా. అరబ్బీలో సిమ్ సిమ్ అంటే నువ్వులే. నువ్వుకాయ టప్పున తెరుచుకున్నట్టు తలుపు తెరుచుకోవాలని అలా అన్నారని కొందరంటారు.

ఇంత మృదువైన పంటని పెద్ద యంత్రంతో కోస్తే గింజలన్నీ మట్టిపాలే. 1943లో వెనిజువెలాలో డెరాల్డ్ లాంగమ్ అనే శాస్త్రవేత్తకి ఎండినా పగలని కాయలున్న ఒక మొక్క కనబడింది. ఆ పరిశోధన తర్వాత టెక్సాస్‌లో సెసాకో అనే కంపెనీలో సాగింది. యంత్రం వచ్చి కోసేదాకా గింజల్ని పట్టుకుని ఉంచే రకాలు తయారయ్యాయి. తెలుగు రాష్ట్రాల్లో జగిత్యాల, యలమంచిలి పరిశోధన కేంద్రాలు కూడా నువ్వుల్లో కొత్త రకాలు తయారుచేశాయి.

గింజ ముద్ద ఎలా అవుతుంది?

నువ్వుగింజ బరువులో దాదాపు సగం నూనె. ముద్ద రహస్యం అంతా అందులోనే ఉంది.

అరకప్పు నువ్వులు మూకుట్లో వేసి సన్నమంట మీద వేయించండి. (పెద్దవాళ్ళు పక్కన ఉండాలి.) రెండు మూడు నిమిషాల్లో చిటపటమంటాయి, ఒకటి రెండు ఎగిరి బయటికి దూకుతాయి. మంచి వాసన వస్తుంది. అప్పుడే దింపెయ్యాలి. ఇంకొక్క నిమిషం ఉంచితే చేదు. దింపాక వేడి మూకుట్లోనే వదిలేసినా మాడతాయి, పళ్ళెంలో పొయ్యాలి. చల్లారాక మిక్సీలో వెయ్యండి. మొదట పొడి అవుతుంది. ఇంకాస్త తిప్పితే గోడలకి అంటుకుంటుంది. ఇంకా తిప్పితే, ఒక్క చుక్క నీళ్ళు పొయ్యకుండానే, లోపలి నూనె బయటికొచ్చి ముద్ద అవుతుంది. ఓపికగా తిప్పుతూ ఉంటే ఆ ముద్ద జారడం మొదలుపెడుతుంది.

అలా జారే ముద్దనే అరబ్బు దేశాల్లో తహీనీ అంటారు. "తహన" అంటే అరబ్బీలో విసరడం, పిండి చెయ్యడం. ఫ్రిస్కోకి దక్షిణాన రిచర్డ్‌సన్‌లో ఉన్న అరబ్బు దుకాణాల్లో తహీనీ సీసాలు వరసగా కనబడతాయి. హమ్మస్‌లో శనగలతో పాటు ఉండేది ఇదే. ఇంట్లో తహీనీ ఉంటే రెండు స్పూన్లు తీసుకుని కొన్ని చుక్కల నీళ్ళు కలిపి చూడండి. పల్చబడుతుందనుకుంటాం కదా? గట్టిపడుతుంది! ఇంకా నీళ్ళు పోస్తూ కలిపితే తెల్లగా, మెత్తగా జారుతుంది.

మన ముద్దకీ తహీనీకీ తేడా ఉంది. తహీనీని పొట్టు తీసిన గింజలతో, తక్కువగా వేయించి చేస్తారు, సీసాలో నెలల తరబడి ఉంచుతారు. మనం ఏ కూరకి ఆ కూరకి అప్పటికప్పుడు చేసుకుంటాం, దాంట్లో వేరుశనగలు, ఎండుకొబ్బరి, ధనియాలు, జీలకర్ర, కారం చేరుస్తాం. టైము లేనప్పుడు గుత్తి వంకాయలో తహీనీ వేసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. పరవాలేదు, కూర చిక్కబడుతుంది. కానీ నన్నడిగితే, అప్పుడే వేయించిన నువ్వుల వాసన సీసాలోంచి రాదు.

ఇక్కడ తెలుగు గొప్పతనం ఒకటి చూడండి. ఇంగ్లీషులో అన్నిటికీ గ్రైండ్ అనే మాటతో సరిపెట్టుకోవచ్చు. తెలుగులో రోట్లో వేసి రోకలితో కొడితే దంచడం. సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో అరగదీస్తే నూరడం. నానిన పప్పుని రుబ్బురోట్లో నీళ్ళు చిలకరిస్తూ తిప్పితే రుబ్బడం. తిరగలిలో పోసి తిప్పితే విసరడం. (సన్నికల్లు మీరు పెళ్ళిలో చూసే ఉంటారు. పెళ్ళికూతురు దాని మీద కాలు పెడుతుంది.) ఇప్పుడు ఈ పనులన్నీ మిక్సీయే చేస్తోంది, అయినా మాటలు పోలేదు. అమ్మ మిక్సీలో వేసి కూడా "పచ్చడి నూరాను" అనే అంటుంది, "పిండి రుబ్బాను" అనే అంటుంది.

ఏ ఇంట్లో ఎలా?

బెల్లం, నువ్వులు కలిపి రోట్లో దంచితే చిమ్మిలి. నువ్వుల నూనెతోనే అది ముద్ద కడుతుంది, వేరే ఏమీ అక్కరలేదు. కోస్తా ఊళ్ళలో నాగుల చవితికి చలిమిడితో పాటు దీన్ని నైవేద్యం పెడతారు. బెల్లం పాకం పట్టి ఉండలు కడితే నువ్వుండలు. (నువ్వు + ఉండ = నువ్వుండ. ఇది ఉత్వ సంధి.)

తెలంగాణ ఇళ్ళలో రోజువారీ వంటలో నువ్వులు ఇంకా ఎక్కువ. బీరకాయ కూర దించే ముందు నువ్వుల పొడి చల్లుతారు. పచ్చిపులుసులో వేయించిన నువ్వుల పొడి కలుపుతారు. సద్దుల బతుకమ్మ నాడు చేసే సద్దుల్లో నువ్వుల సద్ది ఒకటి. నువ్వులు, పచ్చిమిరపకాయలు, చింతపండు కలిపి నూరిన దాన్ని ఒక ఇంట్లో పచ్చడి అంటారు, ఇంకో ఇంట్లో తొక్కు అంటారు. వేడి అన్నంలో రెండూ బాగుంటాయి.

ఆవకాయలో నువ్వులు లేవు కదా అంటారా? చాలా ఇళ్ళలో ఆవకాయ కలిపేది నువ్వుల నూనెతోనే.

సంభాషణ: గుత్తి వంకాయ

(శనివారం సాయంత్రం. ఫ్రిస్కోలో ఒక ఇల్లు. రేపు తెలుగు బడి పిల్లలందరూ పార్కులో కలిసి భోంచేస్తారు. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో వంట. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ వంటింట్లో ఉంది.)

మనవరాలు: అమ్మమ్మా, రేపటికి నువ్వు ఏం చేస్తున్నావు?

అమ్మమ్మ: గుత్తి వంకాయ చేద్దామనుకుంటున్నానే. ఇదిగో, నువ్వులు వేయించడం కూడా అయిపోయింది.

మనవరాలు: అయ్యో, నువ్వులా? మా క్లాసులో ఒకమ్మాయికి నువ్వులు పడవు అమ్మమ్మా.

అమ్మమ్మ: దానికేముందే! నాకూ వంకాయ పడదు, తింటే ఒళ్ళు దురద. అయినా రెండు ముక్కలు తింటూనే ఉంటానుగా.

మనవరాలు: అలా కాదు. తను ఒక్క స్పూను తిన్నా పెదాలు వాస్తాయి, గొంతు వాస్తుంది, ఊపిరి ఆడదు. ఎక్కడికి వెళ్ళినా బ్యాగులో ఇంజెక్షన్ పెట్టుకునే వెళ్తుంది.

అమ్మమ్మ: అయ్యో తల్లీ! అంత పనే? మరి నువ్వులు ఏరి పక్కన పెట్టుకుంటే?

మనవరాలు: ముద్ద అయిపోయాక ఏం ఏరుతాం?

అమ్మమ్మ: అదీ నిజమే. (కాసేపు ఆలోచించి) సరే, ఈ నువ్వులు పొడి కొట్టి మనింట్లోకి ఉంచుదాం. రేపటికి మా అమ్మ చేసినట్టు చేస్తాను. శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, ఎండుమిరపకాయలు వేయించి కారం కొట్టి వంకాయల్లో కూరేది. అందులో నువ్వులూ ఉండవు, వేరుశనగలూ ఉండవు.

మనవరాలు: సూపర్! మరి మిక్సీ జారు?

అమ్మమ్మ: జారుకేమైంది?

మనవరాలు: పొద్దున్న నువ్వుల పచ్చడి అందులోనే కదా చేశావు. బ్లేడు కింద అంటుకుని ఉంటుంది.

అమ్మమ్మ: కడిగానే!

మనవరాలు: ఇంకోసారి కడుగుదాం. మూకుడు, గరిటె కూడా. నూనె ఏది వేస్తావు?

అమ్మమ్మ: నువ్వుల నూనె ముట్టుకోనులే. ఇంత చిన్న గింజకి ఇంత కథ ఉందా! ఆ సబ్బు ఇటివ్వు.

మనవరాలు: నేను గిన్నె మీద అంటించడానికి చీటీ రాస్తాను. "నువ్వులు లేవు, వేరుశనగలు లేవు."

అమ్మమ్మ: ఉన్నవి కూడా రాయవే. శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు. ఎవరికి ఏది పడదో మనకేం తెలుసు!

డబ్బాకి లేబుల్, గిన్నెకి?

అమెరికాలో 2004లో వచ్చిన చట్టం ప్రకారం ప్యాకెట్ల మీద ఎనిమిది ఎలర్జీ పదార్థాల పేర్లు స్పష్టంగా రాయాలి: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల వంటివి, బాదం జీడిపప్పు వంటివి, వేరుశనగలు, గోధుమలు, సోయా. నువ్వులు ఆ జాబితాలో లేవు. "మసాలా దినుసులు" అనో, "సహజ రుచులు" అనో రాసి లోపల నువ్వులు ఉన్నా చెల్లిపోయేది. పిల్లలకి నువ్వులు పడని తల్లిదండ్రులు ప్రతి కంపెనీకీ ఫోను చేసి అడగాల్సి వచ్చేది. 2021 ఏప్రిల్‌లో ఫాస్టర్ అనే చట్టం మీద అధ్యక్షుడి సంతకం అయింది. 2023 జనవరి 1 నుంచి నువ్వులు తొమ్మిదో పేరు అయ్యాయి.

తర్వాత ఒక వింత జరిగింది. కొన్ని రొట్టెల కంపెనీలు నువ్వులు అంటకుండా యంత్రాలు శుభ్రం చెయ్యడం కష్టమని, కావాలనే కాస్త నువ్వుల పిండి కలిపి "నువ్వులు ఉన్నాయి" అని రాసేశాయి. చట్టం తప్పలేదు. కానీ నిన్నటిదాకా ఆ బ్రెడ్ తిన్న పిల్లలు ఇక తినలేకపోయారు. అందుకే ఎప్పుడూ కొనే ప్యాకెట్ అయినా ప్రతిసారీ వెనక్కి తిప్పి చదవాలి.

ఈ చట్టం ప్యాకెట్లకి. అమ్మమ్మ గిన్నెకి లేబుల్ ఉండదు. అక్కడ మీరు నోరు తెరిచి అడగాలి, అదీ తెలుగులో. "ఇందులో నువ్వులు ఉన్నాయా?" అని అడిగితే పైపైన చూసి "లేవమ్మా" అనే అవకాశం ఉంది. కనబడవు కదా! "నువ్వులు వేశారా?" అని అడగండి. "నూరి గానీ, పొడి చేసి గానీ వేశారా? ఏ నూనె వాడారు?" అని అడగండి. అమ్మమ్మతో అయితే "వేశావా", పక్కింటి ఆంటీతో అయితే "వేశారా". వేయించినా, ఉడికించినా ఎలర్జీ పోదు. గానుగలో ఆడించిన నువ్వుల నూనె కూడా ప్రమాదమే.

"పడదు" అనే మాట జాగ్రత్తగా వాడాలి. వంకాయ పడదు, నువ్వులు పడవు, పాలు పడవు. (తెలుగులో పాలు ఎప్పుడూ బహువచనమే.) "వాళ్ళిద్దరికీ పడదు" అంటే వాళ్ళకి స్నేహం లేదని. ఈ మాట దురదకీ సరిపోతుంది, ప్రాణం మీదికి వచ్చేదానికీ సరిపోతుంది. అందుకే పెద్దవాళ్ళు ఒక్కోసారి తేలిగ్గా తీసుకుంటారు, "కొంచెమే వేశాను, ఏం కాదు, తిను" అంటారు. మనవాళ్ళ ప్రేమ అలాంటిది, వద్దన్నా మారు వడ్డిస్తారు. అప్పుడు ఇలా చెప్పండి: "నాకు నువ్వులు ఎలర్జీ ఆంటీ. తింటే ఊపిరి ఆడదు. ఏమీ అనుకోకండి." ఎవరైనా తమ డబ్బా తామే తెచ్చుకుంటే మనం కూడా ఏమీ అనుకోకూడదు.

రహస్యం దాచలేని మనిషిని చూసి "వాడి నోట్లో నువ్వుగింజ నానదు" అంటారు. కూరలో ఏం వేశారో చెప్పే విషయంలో మాత్రం అలాంటి నోరే కావాలి.

అభ్యాసాలు

1. ఖాళీలు పూరించండి (పడదు / పడవు): నాన్నకి చింతపండు ______. చెల్లికి గుడ్లు ______. తాతగారికి పెరుగు ______. తమ్ముడికి వేరుశనగలు ______.

2. ఏ పనికి ఏ మాట? దంచడం, నూరడం, రుబ్బడం, విసరడం. ఇడ్లీ పిండి, చిమ్మిలి, కొబ్బరి పచ్చడి, బియ్యప్పిండి: వీటిలో దేనికి ఏది వాడతారో ఇంట్లో అడిగి రాయండి. ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు రావచ్చు.

3. "నువ్వు", "నువ్వులు", "నవ్వు": ఈ మూడు మాటలూ వచ్చేలా ఒకే వాక్యం రాయండి. పైకి చదవండి.

4. సంభాషణలో మనవరాలు అమ్మమ్మని "నువ్వు" అంటుంది. అదే సంభాషణ మీ స్నేహితురాలి అమ్మమ్మతో జరిగితే ఏ మాటలు మారతాయి? మొదటి ఆరు వాక్యాలు మార్చి రాయండి.

5. ఇంట్లో ఉన్న ఐదు ప్యాకెట్లు తిప్పి చూడండి. వేటి మీద నువ్వుల పేరుంది? ఆశ్చర్యం అనిపించింది ఒకటుంటే దాని గురించి మూడు వాక్యాలు రాయండి.

6. ఇండియాలో ఉన్న మీ అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోను చెయ్యండి. "మీ ఇంట్లో గుత్తి వంకాయలో ఏం కూరతారు? మీ అమ్మగారు ఏం కూరేవారు?" అని అడగండి. వాళ్ళు చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. తర్వాత ఆ కూర గిన్నెకి అంటించే చీటీ తయారుచెయ్యండి: పైన కూర పేరు, కింద అందులో వేసినవన్నీ, చివర ఏ నూనె వాడారో.